కనవడని జాగ

మల్లేపల్లి కాడ ఆ పొద్దు
ఎడమకు తిప్పేముందు అద్దం చూసిన.
ఒట్టు. చూసిన.
అద్దంల నా ఆల్టో డోరు, హ్యాండిలు,
మొన్న గేటుకు తాకి పడ్డ గీత,
దానెనక ఖాళీ రోడ్డు.

తిప్పినంక చప్పుడైంది.
టీవీఎస్ బండి, రెండు సంచుల బత్తాయిలు
రోడ్డంత దొర్లుకుంట.
ఒకటొచ్చి నా టైరు కాడనే ఆగింది.
ముసలాయన మోకాలు దులుపుకుంట లేచిండు.
తిట్టలే. అడిగిండంతే:
"కనవడలేదా బిడ్డా?"
కనవడలే.
అది అబద్ధం కాదు.
అందుకే నాలుగు రాత్రులు నిద్ర పట్టలే.

పానగల్లు రోడ్డుల చాంద్‌పాషా షెడ్డు.
వెల్డింగు రవ్వ పడి
ఆయన ఎడమ కన్ను పోయి ఇరవై ఏండ్లు.
బ్రేకులు చూడమని పోతే
బ్రేకులు ముట్టలే. సీట్ల కూసోమన్నడు.
"మేడమ్, ఈ అద్దంల ఏముంది?"
నా డోరు.
"ఆ అద్దంల?"
ఆ దిక్కు డోరు.
"లోపలి దాంట్ల?"
నా బొట్టు.
షెడ్డుల పిలగాడు కిసుక్కున నవ్విండు.

"నీ కారు నీతోనే ఉంటది, యాడికి పోతది?
దాన్నే చూస్కుంట కూసుంటే
పక్కకొచ్చినోడు యాడ నిలవడాలె?"

నవ్విన పిలగాన్నే, సైదుల్ని, నడవమన్నడు
కారెనక నుంచి ముందటికి, ఎడమ పక్క పొంట,
స్కూటర్ టైరు దొర్లించుకుంట.
లోపలద్దంల వచ్చిండు.
పక్కద్దంల వచ్చిండు.
ఆడికెల్లి మాయం.
నాలుగడుగుల మేర
ఎర్ర బనీను, టైరు, మనిషి,
ఏదీ లేదు.
ఈల మాత్రం వినవడుతుంది.

"ఇగ తల కిటికీ అద్దానికి ఆనించు.
కుడి అద్దాన్ని బయటికి తిప్పు,
నీ డోరు సన్నటి గీతయ్యేదాక.
ఇప్పుడు నడుమకు వంగు, గేరు మీదికి.
ఎడమది గూడ గట్లనే.
లోపలి దాంట్ల ఎనకద్దం నిండుగ పెట్టు,
బొట్టు తీసెయ్..."
అని నాలుక కర్సుకున్నడు.
"అద్దంలకెల్లి మేడమ్, అద్దంలకెల్లి."

నిటారుగ కూసుంటే
రెండద్దాలల్ల నా కారు లేదు.
గుండె జారింది.
నలభై మూడేండ్ల సంది
నా అంచు చూస్కోనే కదిలేదాన్ని,
గోడకెంత దూరం, మనిషికెంత దూరం
దాన్ని బట్టే కొలుసుకునేదాన్ని.
ఇప్పుడు అంచు లేదు.
యాపచెట్టు, చాయ్ కొట్టు రేకు,
ఎవరిదో మేక, మురికి కాల్వ మీద బండ.
ఇవన్ని ఇన్నొద్దులు ఈడనే ఉన్నయా?

సైదులు మళ్ల నడిచిండు.
లోపలద్దం ఇడిచేలోపట పక్కద్దంల భుజం,
పక్కద్దం ఇడిచేలోపట
నా కంటి కొసకు ఎర్ర బనీను.
యాడ తెగలే.

"అయినా మెడ తిప్పాలె," అన్నడు చాంద్‌పాషా,
"అద్దం అద్దమే, మెడ మెడే.
నా సగం దునియా గట్లనే నడుస్తది."
అని స్పానర్ కోసం మెడ తిప్పిండు.
అది ఆయన ఎడమ మోచేతి కాడనే ఉంది.
పైసలెంత అంటే
చాయ్ చెప్పిండు.

నిన్న చందంపేట దిక్కు తండాలల్ల
అంగన్‌వాడీలు చూసి మర్రి వస్తుంటే
అదే మల్లేపల్లి, అదే మలుపు.
ఎడమద్దంల ఒక టీవీఎస్,
మనిషి కంటె ఎత్తు గడ్డిమోపు.
ఆగిన.
మెడ తిప్పి గూడ చూసిన.
ఇండికేటరు టిక్కు టిక్కుమంటుంది.
ఎనక డీసీఎం హారన్ మోగుతనే ఉంది. మోగనీ.
మోపు నా డోరును రాసుకుంట పోయింది,
గడ్డిపోచ ఒకటి అద్దానికి చిక్కి ఊగుతుంది.
బండాయన నా దిక్కు చూడలే.
చూడాల్సిన పని లేకుంట
సీదా పోయిండు.